భయం గుణం కాదు: ‘యజ్ఞం’ నుంచి లక్ష్మీపేట దాకా

తెలుగు కథల్లో దళిత పాత్రల ప్రవర్తనకి మన విమర్శ చాలాకాలంగా మూడు మాటలతో సరిపెడుతోంది. నోరెత్తకపోతే అమాయకత్వం. దెబ్బ తిని ఊరుకుంటే సహనం. ఎప్పుడో ఒకనాడు తిరగబడితే ఆవేశం. మూడూ గుణాల పేర్లే. అంటే ఆ మనిషి పుట్టుకతో తెచ్చుకున్నవి అన్నట్టు. బుగత గారి కోపానికి మాత్రం ఎప్పుడూ కారణం ఉంటుంది. గట్టు తగువో, పరువో, పంచాయితీ ఎన్నికో ఏదో ఒకటి చూపిస్తారు. వాడలో మనిషి కోపానికి కారణం వెతకనక్కర్లేదు, స్వభావం అంటే చాలు. మనుషుల్ని గుణాన్ని బట్టి నాలుగు వర్ణాలుగా విడగొట్టిన సంస్కృతిలో ఈ అలవాటు ఊరికే రాలేదు.

ఈ మూడూ గుణాలు కావనీ, బెదిరింపు మధ్య బతికే ఒకే ఒంటికి మూడు స్థితులనీ ఈ వ్యాసం వాదన. ఒత్తిడి గురించీ, గాయపడిన మనసు గురించీ వైద్యశాస్త్రం వందేళ్ళుగా చెబుతున్నది సాహిత్య విమర్శకి ఇక్కడ పనికొస్తుంది. అయితే ఆ శాస్త్రాన్ని అలాగే ఎత్తి తెచ్చి మన మనుషుల మీద అతికిస్తే ఇంకో ప్రమాదం ఉంది. ఆ రెండు సంగతులూ మాట్లాడుకోవడానికి శ్రీకాకుళం మట్టిలోంచి వచ్చిన కథ ఒకటీ, ఆ మట్టి మీదే జరిగిన నెత్తురుపాతం ఒకటీ ఎంచుకుంటున్నాను.

ఒళ్ళు చేసే పని

ముందు ఒంటి సంగతి. పొదలో అలికిడి వినిపించగానే మెదడు లోపల బాదంగింజంత ఉండే ఎమిగ్డలా మేలుకుంటుంది. ‘ఏటది?’ అని మనం అనుకునేలోపే హైపోథాలమస్‌కి కబురు వెళ్ళిపోతుంది. మూత్రపిండాల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్‌ని రక్తంలోకి వదుల్తాయి. గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగమవుతుంది, కండలు బిగుస్తాయి, కడుపులో అరుగుదల మందగిస్తుంది. కొద్ది నిమిషాల్లో కార్టిసాల్ పెరిగి, ఒంట్లో దాచుకున్న శక్తిని బయటికి తీస్తుంది. కలబడటానికో, పారిపోవడానికో ఒళ్ళు సిద్ధం. ఈ ‘కలబడు, లేదా పారిపో’ అన్న సూత్రాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాల్టర్ కానన్ చెప్పాడు. ఒత్తిడి ఆగకుండా సాగితే అదే ఏర్పాటు ఒంటిని తినేస్తుందని 1936 నుంచీ హాన్స్ సెల్యే చూపించాడు. ఆ అరుగుదలని బ్రూస్ మెక్‌ఈవెన్ 1993లో మోయాల్సిన బరువుగా లెక్కకట్టాడు. బెదురు రోజూ ఉంటే ఒళ్ళు రోజూ ఆ బరువు మోస్తుంది. రక్తపోటు, నిద్రలేమి, చిన్న చప్పుడికే ఉలికిపాటు, తేదీలూ వరసలూ గుర్తుండకపోవడం, ముందూవెనకా ఆలోచించే మెదడు భాగం పట్టు సడలడం ఆ బరువు గుర్తులు.

కానన్ చెప్పిన దారులు రెండు. వాడలో మనిషికి ఆ రెండిట్లో ఏ దారి ఉంది? కలబడితే రేపు కూలి లేదు, ఎల్లుండి ఇల్లు లేదు, ఆ మర్నాడు మనిషే లేడు. పారిపోవాలంటే ఎక్కడికి? చేను ఊరిది, దారి ఊరిది, చెరువు ఊరిది, అప్పు కాగితం ఊరి చేతిలో ఉంది. రెండు దారులూ మూసుకుపోయినప్పుడు ప్రాణులకి మూడో స్థితి ఒకటి ఉందని తర్వాతి శాస్త్రజ్ఞులు గుర్తించారు. కొయ్యబారిపోవడం. కళ్ళు కిందకి దిగుతాయి, గొంతు పెగలదు, చేతులు కట్టుకుపోతాయి. లోపల మాత్రం మంట ఆరదు. మన విమర్శకులు సహనమని మెచ్చుకున్నది చాలాసార్లు దీన్నే.

మనవాళ్ళకి ఈ సంగతి పుస్తకాలు రాకముందే తెలుసు. దడుపు అన్నారు. దడుపు జ్వరమన్నారు. ‘గుండె నీరయిపోనాది’, ‘నిద్దరట్టదు’ అంటారు. పిల్లడు ఉలిక్కిపడితే అంత్రం కట్టిస్తారు. రోగం మనసుదా ఒంటిదా అన్న తగువు ఈ మాటల్లో లేదు. భయం ఒంటికి వస్తుంది, ఒంట్లో ఉండిపోతుంది. అంత్రం దాన్ని పోగొట్టకపోవచ్చు. ఆ మాటలు మాత్రం తప్పు చెప్పలేదు.

సుందరపాలెంలో కత్తి

కాళీపట్నం రామారావు మాస్టారు 1924లో శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు, 2021 జూన్‌లో శ్రీకాకుళంలో కన్నుమూశారు. 1960ల నడుమ వచ్చిన ఆయన ‘యజ్ఞం’ మీద జరిగినంత చర్చ తెలుగులో మరే కథ మీదా జరగలేదేమో. సుందరపాలెం అనే ఊరు. స్వాతంత్ర్యం వచ్చాక బాగుపడిందని చెప్పుకునే ఊరు. శ్రీరాములునాయుడు మంచివాడని పేరున్న పెద్దమనిషి. షావుకారు గోపన్న. జీవితమంతా రెక్కలు ముక్కలు చేసుకున్నా బాకీ తీర్చలేకపోయిన దళిత రైతు అప్పల్రాముడు. ధర్మమండపం దగ్గర తగువు. ముసలివాడు బాకీ తీరుస్తానంటాడు, అందుకు భూమి పోవాలి. పెద్దకొడుకు సీతారాముడు ఒప్పుకోడు. చివరికి తన బిడ్డని తన చేత్తోనే చంపి ఊరి ముందు పెడతాడు. వాడు మరో కంబారి కాకూడదని.

ఈ ముగింపు సహజమా, అసహజమా? వర్గదృష్టి ఉందా, లేదా? తండ్రి అలా చేస్తాడా? దశాబ్దాలుగా చర్చ ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది. చంపడం సమర్థించలేనిదే, అందులో రెండో మాట లేదు. అయితే చర్చలో పాల్గొన్నవాళ్ళలో ఎక్కువమంది సీతారాముడి పనిని ఆవేశమనో, ఉన్మాదమనో, ప్రతీక అనో మూడిట్లో ఒక గదిలో పెట్టేశారు. అప్పల్రాముడి ఒప్పుకోలుని మాత్రం నీతి అన్నారు, పాతకాలపు మంచితనం అన్నారు. తండ్రిదీ కొడుకుదీ ఒకే ఒంటి కథ అన్నది చూడలేదు.

అప్పల్రాముణ్ణి మళ్ళీ చదవండి. మండపం దగ్గరికి పిలుపు రావడమే వాడ మనిషికి ఒక దెబ్బ. పెద్దలు కూర్చుంటారు, ఇతను నిలబడాలి. లెక్క వాళ్ళ కాగితంలో ఉంటుంది, ఇతని లెక్క ఇతని రెక్కల్లో ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా నిలబడిన ఒళ్ళు చివరికి ‘ఇస్తాను బాబూ’ అనే చోటికే వస్తుంది. ఆ మాటలో నీతి లేదని నేననను. ఆ నీతి ఎంత బెదురులో ఉడికిందో కూడా చూడమంటున్నాను. మంచితనమూ లొంగుబాటూ విడదియ్యలేనంతగా కలిసిపోయిన చోటే గ్రామాధిపత్యం పని పూర్తవుతుంది. నాయుడు చెయ్యెత్తి కొట్టక్కర్లేదు, మంచిగా మాట్లాడితే చాలు. శ్రీరాములునాయుణ్ణి దుర్మార్గుడిగా గియ్యకపోవడంలో కారా చూపు ఎంత లోతుకి పోయిందో ఇక్కడ తెలుస్తుంది.

సీతారాముడు ఆ లొంగుబాటుని కళ్ళారా చూస్తూ పెరిగినవాడు. అతనికి ముందూవెనకా తెలుసు. భూమి పోతే తను కంబారి, తన తర్వాత తన కొడుకు కంబారి. ఉన్మాదికి ఇంత లెక్క ఉండదు. అతని ఎదుట కలబడే దారి లేదు, పారిపోయే దారి లేదు, తండ్రిలా కొయ్యబారి నిలబడటానికి అతని తరం ఒప్పుకోదు. అప్పుడు కత్తి లేచింది. లేచిన కత్తి ఎవరి మీద దిగింది? గోపన్న మీద కాదు, నాయుడి మీద కాదు, కాగితం మీద కూడా కాదు. ఊళ్ళో అతని చెయ్యి అందుకోగలిగిన ఒకే ఒక ప్రాణం మీద దిగింది. కోపం ఎవరిదైనా, అది ఏ వైపు దిగాలో కులమే నిర్ణయించింది.

అల్జీరియాలో బ్లిడా ఆసుపత్రిలో మానసిక వైద్యుడిగా పనిచేసి 1956లో ఆ ఉద్యోగాన్ని వదిలేసిన ఫ్రాంజ్ ఫానన్, 1961లో వచ్చిన తన చివరి పుస్తకంలో ఇలాంటి సంగతే రాశాడు. వలస పాలనలో మనిషి కండరాలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయనీ, ఆ బిగువు ముందుగా సాటి బాధితుడి మీదే పగులుతుందనీ అతని వాదన. మన పేటల్లో సారా తాగి ఇంటికొచ్చి భార్యని కొట్టే మగవాడి గురించి మాట్లాడటానికి దళిత విమర్శ జంకుతుంది. పైకులాలవాళ్ళకి ఆయుధం ఇచ్చినట్టవుతుందని భయం. జంకక్కర్లేదు. ఆ దెబ్బకి కారణం చూపించడం వేరు, దాన్ని క్షమించడం వేరు. ఊరి దగ్గర దిగిన చూపు ఇంటి దగ్గర లేస్తుంది. ఆ దెబ్బలు తినేది దళిత స్త్రీ. ఊరి భారం, మొగుడి భారం రెండూ ఆమె ఒంటిమీదే పడతాయి.

‘యజ్ఞం’ మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే. కథ ధర్మమండపం దగ్గరే ముగుస్తుంది, మగవాళ్ళ మధ్యే. ఆ బిడ్డని కన్నతల్లి రాత్రి ఆ తర్వాతే మొదలవుతుంది. ఆమెకి నిద్ర పట్టిందా? ఏ చప్పుడికి ఉలిక్కిపడింది? మర్నాడు కూలికి ఎలా వెళ్ళింది? తెలుగు విమర్శ అరవై ఏళ్ళుగా సీతారాముడు చేసింది తప్పా ఒప్పా అని తేల్చుకోలేకపోయింది గానీ, ఆ తల్లిని అడగాలని దానికి తట్టలేదు.

‘తర్వాత’ లేని గాయం

అలాగని సీతారాముడికి ఒక రోగం పేరు పెట్టేద్దామా? అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1980లో, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు గట్టిగా పోరాడాక, గాయం తర్వాతి ఒత్తిడి వ్యాధిని తన జాబితాలో చేర్చింది. ఆ పేరులోనే ‘తర్వాత’ ఉంది. యుద్ధం అక్కడ అయిపోయింది, సైనికుడు ఇంటికొచ్చాడు, భయం మాత్రం వెంటొచ్చింది. అది వ్యాధి. మరి వాడకి యుద్ధం ఎప్పుడైపోయింది? రాత్రి ఉలిక్కిపడే మనిషికి కొట్టినవాడు తెల్లారితే అదే దారిలో ఎదురొస్తాడు. అతని జాగ్రత్తని జబ్బు అనాలా, తెలివి అనాలా?

ఈ లోటు వైద్యులకీ తెలిసింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో సంక్లిష్ట రూపాన్ని విడిగా చేర్చారు. తప్పించుకోవడం కష్టమైన, లేదా అసాధ్యమైన, పదేపదే జరిగే హింస నుంచి అది పుడుతుందన్నారు. చిత్రహింస, బానిసత్వం, ఏళ్ళ తరబడి ఇంట్లో హింస వంటివి ఉదాహరణలుగా ఇచ్చారు. కులం పేరు అందులో లేదు. ఆ వాక్యాన్ని శ్రీకాకుళంలో చదివితే మాత్రం అది మన గురించే రాసినట్టుంటుంది.

అంబేడ్కర్ 1930ల మధ్యలో రాసుకున్న ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఇదంతా ముందే ఉంది. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చి, 1917లో బరోడా సంస్థానంలో కొలువుకి చేరిన మనిషికి ఊళ్ళో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పేరు దాచుకుని పార్సీ సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని గుంపు వచ్చి నిలబడింది. ఏళ్ళు గడిచాక రాస్తూ కూడా, అది తలుచుకుంటే కన్నీళ్ళు ఆగవని ఆయన చెప్పుకున్నారు. చదువు, పదవి, న్యాయశాస్త్రం ఏవీ ఆ రోజుని ఒంట్లోంచి తుడిచెయ్యలేకపోయాయి. అంబేడ్కర్‌ది అమాయకత్వమా, సహనమా, ఆవేశమా? మన మూడు మాటలూ అక్కడ మూగబోతాయి.

ఇంకో ప్రమాదం గురించి కూడా చెప్పాలి. ఈమధ్య ‘తరతరాల గాయం మన జన్యువుల్లో ఉంది’ అనే మాట సభల్లో వినిపిస్తోంది. తల్లిదండ్రుల ఒత్తిడి పిల్లల జన్యువుల పనితీరు మీద గుర్తులు వదుల్తుందా అన్న పరిశోధన జరుగుతోంది. జంతువుల్లో కొన్ని ఫలితాలున్నాయి, మనుషుల్లో వాదం తేలలేదు. తేలనిదాన్ని మనం నినాదం చేసుకోకూడదు. రక్తంలో మలినం ఉందన్నవాళ్ళకి రక్తంలో భయం ఉందని మనమే రాసిచ్చినట్టవుతుంది. గుణాన్ని గుమ్మంలోంచి గెంటి కిటికీలోంచి పిలవడమే అది. భయం తరాలు దాటే తిన్నని దారి కళ్ళముందే ఉంది. ‘అటెల్లకు’, ‘తలెత్తి సూడకు’, ‘బాబుగారొస్తన్నారు పక్కకి దిగు’ అని తల్లి పిల్లడి రెక్క పట్టి లాగుతుంది. ఆ లాగుడు ప్రేమే. బిడ్డ బతకాలని లాగుతుంది. నేర్పిన పాఠం కాబట్టే దాన్ని మార్చడం మన చేతిలో ఉంటుంది.

లక్ష్మీపేట, 2012

2012 జూన్ 12 ఉదయం వంగర మండలం లక్ష్మీపేటలో దళితుల మీద దాడి జరిగింది. అప్పటికది శ్రీకాకుళం జిల్లా. 2022 జిల్లాల విభజనలో వంగర మండలం విజయనగరంలోకి వెళ్ళింది. సువర్ణముఖి మీద కట్టిన మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం సేకరించి, నీట మునగకుండా మిగిలిపోయిన భూమిని దళితులు సాగు చేసుకుంటున్నారు. ఆ భూమి మీదే తగువు. అదే ఊళ్ళోని తూర్పుకాపు కులస్తుల్లో కొందరు నాటుబాంబులతో, మారణాయుధాలతో వచ్చిపడ్డారు. అయిదుగురు దళితులు చనిపోయారు, ఇరవైమంది దాకా గాయపడ్డారు. కారంచేడు 1985 జూలైలో, చుండూరు 1991 ఆగస్టులో. ఉత్తరాంధ్రలో ఇలాంటివి జరగవు, ఇక్కడివాళ్ళు మెత్తనివాళ్ళు అన్న మాటకి లక్ష్మీపేట జవాబు. ఆ మెత్తదనం కూడా మన మూడు మాటల్లాంటిదే.

సుందరపాలెంలో భూమి కాగితం మీద పోయింది. లక్ష్మీపేటలో భూమి మీద నిలబడిన మనుషులే పోయారు. నడుమ యాభై ఏళ్ళు. ఈసారి కొయ్యబారి నిలబడలేదు. దున్నారు, సంఘం పెట్టుకున్నారు, తిరగబడి నిలిచారు. బొజ్జా తారకం వంటివాళ్ళు వచ్చి అండగా నిలిచారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కావాలన్న డిమాండు సాధించుకున్నారు. భయం గుణమైతే ఇది జరిగేది కాదు.

కానీ కోర్టు ఒంటి భాష వినదు. ప్రాణం పోయే క్షణంలో మెదడు వరసగా రాసుకోదు. ఒక మొహం, ఒక గొడ్డలి పిడి, ఒక కేక, పొగ వాసన చెక్కినట్టు నిలబడిపోతాయి. ఎన్ని గంటలకి, ఏ దిక్కునుంచి, ఎవరి తర్వాత ఎవరు అన్నది చెదిరిపోతుంది. సంఘటనల్ని కాలానికీ చోటుకీ ముడివేసే హిప్పోకాంపస్ అంత ఒత్తిడిలో సరిగా పనిచెయ్యదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగేది సరిగ్గా చెదిరిపోయినదాన్నే. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007 జూలైలో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నది ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందన్నది అందులో ముఖ్యమైన మాట. నేరం రుజువు కావాల్సిందే, అందులో తగువు లేదు. పొలాల్లో, పంటకాలవల్లో తరిమి చంపుతుంటే చూసిన మనిషి గడియారం చూసుకున్నాడా అన్నది మాత్రం న్యాయశాస్త్రం తనని తాను అడగాల్సిన ప్రశ్న. తడబాటుని అబద్ధమని చదివే న్యాయమూర్తీ, కొయ్యబారడాన్ని సహనమని చదివే విమర్శకుడూ ఒకే బళ్ళో చదువుకున్నారు.

చట్టం ఈ దిశలో ఒక అడుగు వేసింది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ బాధితుడి నిర్వచనంలో శరీరానికీ ఆస్తికీ జరిగిన నష్టంతోపాటు మానసికంగా, భావోద్వేగపరంగా జరిగిన హానిని కూడా చేర్చింది. బంధువుల్నీ బాధితులుగా లెక్కించింది. సాక్షుల రక్షణకీ, పునరావాసానికీ హక్కులు రాసింది. కాగితం మీద ఇది చిన్న సంగతి కాదు. కానీ పరిహారం పట్టికలో చావుకో రేటు, అంగవైకల్యానికో రేటు ఉంటాయి. పదేళ్ళపాటు నిద్రపోని తల్లి పేరు ఏ పద్దులో రాస్తారు? ఈ రెండు జిల్లాల పేదలకి మనసు వైద్యం అనగానే విశాఖ చినవాల్తేరు ఆసుపత్రే గుర్తొస్తుంది. దాన్ని జనం ‘పిచ్చాసుపత్రి’ అంటారు. అక్కడికి వెళ్ళొచ్చిన మనిషి సాక్ష్యం రేపు కోర్టులో నిలుస్తుందా అని బెదురు ఇంకొకటి.

అందుచేత వైద్యం వాడలోకే రావాలి. మన భాష తెలిసినవాళ్ళు, దడుపు అంటే నవ్వనివాళ్ళు రావాలి. దాడి జరిగిన ఊళ్ళలో పిల్లల్ని, ఆడవాళ్ళని విడిగా, ఏళ్ళ తరబడి చూసుకునే ఏర్పాటు పునరావాసంలో భాగం కావాలి. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. బెదిరింపు ఆగితేనే నరాలు చల్లబడతాయి. ఇది శాస్త్రం చెప్పే మాటే. పట్టా చేతికి రాకుండా, ముద్దాయి ఎదురింట్లో ఉండగా ఇచ్చే నిద్రమాత్ర గోపన్న బాకీకి కట్టే వడ్డీలాంటిది. అసలు అలాగే ఉంటుంది.

మన కథల్ని ఈ ఎరుకతో మళ్ళీ చదవాలి. ఒక పాత్ర మాట్లాడకపోతే ఆ నోరు ఎవరు కట్టేశారో చూడాలి. తిరగబడితే ఎన్ని దారులు మూసుకుపోయాక తిరగబడిందో లెక్కపెట్టాలి. చేతిలో కత్తి తన ఇంటివైపే ఎందుకు తిరిగిందో అడగాలి. అప్పల్రాముడి ఒప్పుకోలు దగ్గర, సీతారాముడి కత్తి దగ్గర, కథలోకి రాని ఆ తల్లి దగ్గర వేర్వేరు గుణాలు వెతకడం మానేస్తే, ముగ్గురికీ ఎదురుగా కూర్చున్న మండపం కనిపిస్తుంది. దాన్ని వదిలేసి మనిషి గుణాన్ని విచారించే విమర్శ, తనకి తెలిసినా తెలియకపోయినా, ఆ మండపం మీదే కూర్చుని తీర్పు చెబుతోంది.